ఆటుపోట్లు, గరుకు సముద్రగర్భం, లోపలి అలలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రం పైన కనిపించే అలలకంటే ఎన్నో రెట్లు ఎత్తైన అలలు నీటి లోపల తిరుగుతుంటాయనీ, వాటిలో పెద్ద భాగం ఆటుపోట్లు సముద్రగర్భపు కొండల మీదుగా పారడం వల్లే పుడతాయనీ చెప్పగానే ఇంచుమించు ఒకే రకమైన సందేహాలు వరుసకడతాయి. మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ ప్రశ్నలను ఇక్కడ దశలవారీగా పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబును విడిగా చదువుకోవచ్చు.

## మొదట వచ్చే సందేహాలు

అల అనేది నీటి పైభాగంలో కదా ఉండేది? నీటి లోపల అల ఏమిటి?

అలకు కావలసింది రెండే: బరువులో తేడా ఉన్న పొరలు, వాటిని తిరిగి సర్దే భూమ్యాకర్షణ. నీటి పైతలంలో ఆ రెండు పొరలు గాలి, నీరు. సముద్రం లోపల కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. పైన వెచ్చని తేలిక నీరు, కింద చల్లని, బరువైన నీరు. ఏదో ఒక కారణంగా కింది నీరు కొంత పైకి లేస్తే, అది చుట్టూ ఉన్న నీటికంటే బరువు గనుక కిందికి దిగుతుంది. దిగే ఊపులో తన చోటును దాటిపోతుంది, మళ్ళీ లేస్తుంది. ఈ ఊగిసలాట పక్క నీటికి పాకితే అదే అంతర్గత తరంగం. సముద్రంలో సాంద్రత ఒకచోట ఠక్కున మారదు, లోతుకు పోయేకొద్దీ క్రమంగా పెరుగుతుంది. అందుకే ఈ తరంగాలు ఒక పొర వెంట అడ్డంగా మాత్రమే కాక, ఏటవాలుగా పైకీ కిందికీ కూడా ప్రయాణిస్తాయి.

లోపలి అలలు అంత ఎత్తుగా ఎలా లేస్తాయి?

గాలికీ నీటికీ సాంద్రతలో దాదాపు 800 రెట్ల తేడా ఉంది. సముద్రపు పై నీటికీ అడుగు నీటికీ మధ్య, నొక్కుడు వల్ల వచ్చే తేడాను పక్కనపెడితే, వెయ్యి కిలోలకు మూడు నాలుగు కిలోల తేడా ఉంటే గొప్ప. కాబట్టి ఒక పొరను మరో పొరలోకి ఎత్తడానికి పట్టే శక్తి చాలా తక్కువ, అది తిరిగి దిగే తొందరా తక్కువే. సగం నూనె, సగం నీళ్ళు పోసిన సీసాను మెల్లగా వంచి చూడండి. నూనె పైతలం వెంటనే సర్దుకుంటుంది, నూనెకూ నీటికీ మధ్య గీత మాత్రం బద్ధకంగా, ఎత్తుగా ఊగుతుంది. నడి సముద్రంలో పదుల మీటర్ల అంతర్గత తరంగాలు మామూలే. తైవాన్‌కూ ఫిలిప్పీన్స్‌కూ మధ్యనున్న లుజాన్ జలసంధిలో పుట్టి దక్షిణ చైనా సముద్రంలోకి సాగే తరంగాల్లో 200 మీటర్లు మించినవి కూడా నమోదయ్యాయి.

అంత పెద్ద అల కింద పోతుంటే పైనున్న ఓడకు తెలియదా?

సాధారణంగా తెలియదు. లోపల పొర 30, 40 మీటర్లు లేచినా పైతలం కొన్ని సెంటీమీటర్లే కదులుతుంది. అదీ వంద కిలోమీటర్లకు పైబడిన దూరంలో పరుచుకుని ఉంటుంది. ఆరు గంటల్లో కొన్ని సెంటీమీటర్లు మాత్రమే ఎక్కే నీటిని ఓడ మీది మనిషి ఎలా పసిగడతాడు?

దీనికీ సునామీకీ సంబంధం ఉందా?

లేదు. సునామీలో పైనుంచి అడుగుదాకా నీరంతా ఒకటిగా కదులుతుంది. 4,000 మీటర్ల లోతు సముద్రంలో దాని వేగం సెకనుకు 200 మీటర్ల దాకా ఉంటుంది. ఆటుపోట్ల వల్ల పుట్టే అంతర్గత తరంగం అదే చోట సెకనుకు సుమారు 3 మీటర్ల వేగంతో నడుస్తుంది. అది తీరాన్ని ముంచదు.

ఆటుపోట్లు అంటే తీరంలో నీరు ఎక్కి దిగడమే కదా? నడి సముద్రపు అడుగున వాటి పని ఏమిటి?

తీరంలో నీటిమట్టం పెరగాలంటే ఆ నీరు ఎక్కడినుంచో రావాలి. ఆటుపోటు ప్రధానంగా ఒక అడ్డ ప్రవాహం. గాలి లేపే అలల ప్రభావం వాటి తరంగదైర్ఘ్యంలో సగం లోతుకు వెళ్ళేసరికి దాదాపు అణగిపోతుంది. ఆటుపోటు ప్రవాహం అలా కాదు, పైతలం నుంచి అయిదు కిలోమీటర్ల కింది బురద దాకా ఇంచుమించు ఒకే వేగంతో సాగుతుంది. లోతైన సముద్రంలో ఆ వేగం సెకనుకు కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. గరిష్ఠ వేగం 3 సెంటీమీటర్లు అనుకుంటే, ఆరు గంటల పైచిలుకు ఒకవైపు, మరో ఆరు గంటల పైచిలుకు వెనక్కి పారే నీరు ఒక కొస నుంచి మరో కొసకు 400 మీటర్లకు పైగా కదులుతుంది. చంద్రుడి వల్ల రోజుకు రెండుసార్లు వచ్చే ఈ ప్రధాన ఆటుపోటును ఎం2 అంటారు. దాని ఆవర్తన కాలం 12 గంటల 25 నిమిషాలు.

## తరంగం పుట్టుక

ప్రవాహం కొండను దాటితే తరంగం ఎందుకు పుడుతుంది? కాస్త విడమరచి చెప్పండి.

3,000 మీటర్ల లోతున, ఒక గుట్ట వాలును ఆనుకుని ఉన్న నీటినే తీసుకుందాం. వాలు పదికి ఒకటి, అంటే పది మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి. పోటు మొదలై నీరు గుట్టవైపు కదిలింది. నేలలోకి దూరలేదు గనుక వాలు వెంట ఎక్కాల్సిందే. 400 మీటర్లు ముందుకు సాగేసరికి 40 మీటర్లు పైకి చేరుతుంది. అక్కడి నీటికంటే ఇది కాస్త చల్లన, కాస్త బరువు. చుట్టూ నీటిమీద దాని ఒత్తిడి మారుతుంది, పక్క నీరు జరుగుతుంది. ఇంతలో ప్రవాహం తిరగబడుతుంది, అదే నీరు వాలు దిగి తన మామూలు లోతుకంటే కిందికి జారుతుంది. ఇప్పుడది చుట్టూ ఉన్నదానికంటే తేలిక. ప్రతి 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి ఈ ఎక్కుడు దిగుడు తప్పదు. తప్పని ఈ ఒత్తిడి హెచ్చుతగ్గులే ఏటవాలుగా బయటికి పాకి, ఆటుపోటు ఆవర్తనంతోనే ఊగే తరంగమవుతాయి. పొరలుగా ఉన్న నీరు, వాలు, ఆ వాలుకు అడ్డంగా పారే ప్రవాహం, ఈ మూడింట్లో ఏది లేకున్నా తరంగం పుట్టదు. గట్టు వెంబడే పారే ప్రవాహం ఎంత జోరుగా ఉన్నా లాభం లేదు.

సముద్రగర్భం నునుపుగా ఉంటే ఏమవుతుంది?

పైకి కిందికి నెట్టే పని లేదు, తరంగమూ లేదు. నేలతో రాపిడి ఒక్కటే మిగులుతుంది. రాపిడిలో ఖర్చయ్యే శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. సెకనుకు మీటరు వేగంతో పరుగెత్తే లోతు తక్కువ తీరసముద్రాలతో పోలిస్తే, సెకనుకు 3 సెంటీమీటర్లు పాకే అగాధంలో అది ముప్పై వేల రెట్లకు పైగా తక్కువ. అందుకే చాలాకాలం పాటు ఆటుపోట్ల శక్తి అంతా తీరసముద్రాల్లోనే అరిగిపోతుందని అనుకున్నారు. ఆ లెక్కలో లోతు సముద్రపు రాపిడి ఉంది గాని, కొండలు పుట్టించే తరంగాలు లేవు.

గరుకు అంటే ఎంత గరుకు? బండరాళ్ళా, కొండలా?

కొండలు, గుట్టలు. నడిసముద్రపు పర్వతశ్రేణుల దగ్గర కొత్త నేల పుట్టేటప్పుడు అది విరిగి, లావాతో పెరిగి, శ్రేణికి సమాంతరంగా వరుసలు వరుసలుగా గుట్టలు ఏర్పడతాయి. వంద నుంచి కొన్ని వందల మీటర్ల ఎత్తు, కొద్ది కిలోమీటర్ల వెడల్పు. భూమి మీద అత్యంత విస్తారంగా ఉన్న భూరూపం ఇదే అంటే ఆశ్చర్యం కలగవచ్చు. నేల పాతబడి శ్రేణికి దూరమయ్యేకొద్దీ వీటిపై అవక్షేపం పేరుకుంటుంది, చివరికి కొన్నిచోట్ల చదునైన అగాధ మైదానంగా మారుతుంది. ఇల్లంత బండరాయి మాత్రం ఈ కథలోకి రాదు. నీటి రాకపోకల దూరంతో పోలిస్తే అది మరీ చిన్నది, తన వెనుక కాసిన్ని సుడులు రేపుతుందంతే. ఇక హవాయి గట్టులాంటి భారీ పర్వతాలు పొడవైన తరంగాలను పుట్టిస్తాయి, అవి దూరాలు పోతాయి. చిన్న గుట్టలవి పొట్టి తరంగాలు, చాలావరకు పుట్టినచోటి దగ్గరే విరుగుతాయి.

ఎత్తైన కొండయితే ఎక్కువ శక్తి, అంతేనా?

కొంతవరకే. వాలు తక్కువగా ఉన్న గుట్టల విషయంలో తరంగాల్లోకి పోయే శక్తి ఎత్తుకు వర్గంగా, ప్రవాహ వేగానికీ వర్గంగా పెరుగుతుంది. ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు. అడుగున సాంద్రత ఎంత త్వరగా మారుతోందన్నదీ లెక్కలోకి వస్తుంది. కానీ వాలు ఒక హద్దు దాటి నిటారుగా మారాక ఈ పెరుగుదల నెమ్మదిస్తుంది. కొండ ఆకారం మరో మెలిక. విడిగా నిలబడ్డ శిఖరం ఎంత ఎత్తున్నా నీరు దాని పక్కనుంచి తప్పుకుపోగలదు. వందల కిలోమీటర్ల పొడవున్న గట్టును తప్పించుకోలేదు, ఎక్కి దాటాలి. నా దృష్టిలో పటం చూసేటప్పుడు మొదట గమనించాల్సింది ఎత్తు కాదు, గట్టు ప్రవాహానికి అడ్డంగా ఉందా లేదా అన్నదే.

“క్రిటికల్ వాలు” అనే మాట ప్రతిచోటా ఎదురవుతోంది. అదేమిటి?

అంతర్గత తరంగపు శక్తి ఏ కోణంలోనైనా పోదు. తరంగపు ఆవర్తనం, అక్కడి అక్షాంశం, నీటి పొరల గట్టిదనం (లోతుతో సాంద్రత ఎంత త్వరగా మారుతోందన్నది) కలిసి దాని కోణాన్ని నిర్ణయిస్తాయి. లోతు సముద్రంలో ఎం2 తరంగానికి అది కొద్ది డిగ్రీలే. నేల వాలు ఆ కోణంతో సరిగ్గా కలిస్తే దాన్ని క్రిటికల్ వాలు అంటారు. అక్కడ తరంగంలో నీటి కదలిక, వాలు వెంట ఆటుపోటు కదలిక ఒకే దిక్కున పడి శక్తి సన్నని పట్టీగా నేలను ఆనుకుని పోగవుతుంది, అడుగున ప్రవాహం బలపడుతుంది. అలాంటిచోట మట్టి స్థిరపడటం కష్టం. ఖండాల అంచున లోతు సముద్రంలోకి దిగే ఖండపు వాలులు చాలావరకు ఈ కోణానికి దగ్గరగా ఉండటానికి కారణం ఆటుపోట్లు పుట్టించే ఈ అంతర్గత తరంగాలేనన్న ప్రతిపాదన 2002లో వచ్చింది. నేల తరంగాన్ని పుట్టిస్తే, తరంగం నేలను చెక్కుతోందన్నమాట.

అమావాస్య, పౌర్ణములకు ఇవి కూడా పెరుగుతాయా?

పుట్టినచోట తప్పకుండా పెరుగుతాయి. శక్తి ప్రవాహ వేగానికి వర్గం గనుక, పైన కనిపించే పోటులో తేడాకంటే లోపలి తేడా ఎక్కువగానే ఉంటుంది. దూరంగా ఉన్నచోట మాత్రం తిథితో పొంతన కుదరదు. సెకనుకు 3 మీటర్లంటే రోజుకు 260 కిలోమీటర్లు. వెయ్యి కిలోమీటర్ల అవతలికి పౌర్ణమి నాటి తరంగం చేరేసరికి దాదాపు నాలుగు రోజులు పడుతుంది. ఒకే చోటికి రెండు మూడు గట్ల నుంచి తరంగాలు వస్తుంటే లెక్క ఇంకా చిక్కుపడుతుంది.

## ప్రయాణం

పుట్టిన తరంగం ఎటు పోతుంది? ఎంత దూరం?

గట్టు అంచు నుంచి సన్నని పట్టీలుగా ఏటవాలుగా బయలుదేరుతుంది. పైకి పోయిన పట్టీ నీటి పైతలానికి తగిలి కిందికి మళ్ళుతుంది, అడుగుకు తగిలి మళ్ళీ పైకి. పొట్టి తరంగాలు దారిలోనే చెదిరిపోగా, కొంతదూరం వెళ్ళాక మొత్తం లోతంతా ఒకటిగా ఊగే పొడవైన తరంగం మిగులుతుంది. దాని తరంగదైర్ఘ్యం సుమారు 150 కిలోమీటర్లు. హవాయి గట్టు నుంచి బయలుదేరిన ఇలాంటి తరంగాలను వెయ్యి కిలోమీటర్ల అవతల కూడా ఉపగ్రహ కొలతల్లో గుర్తించినట్టు 1996లో వెల్లడైంది. సముద్రంలో వంద మీటర్ల దూరంలో రెండు పరికరాలు పెడితేనే కొలతలు కలవని రోజులుంటాయి. అలాంటిది ఒక తరంగం అంత క్రమం తప్పకుండా అంత దూరం పోవడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు.

నీరు కూడా అంత దూరం వెళ్తుందా?

వెళ్ళదు. ప్రయాణించేది శక్తి. నీరు తన చోటి చుట్టే తిరుగుతుంది.

తరంగపు శిఖరాలు ఒకవైపు, శక్తి మరోవైపు పోతాయని చదివాను. అచ్చుతప్పా?

అచ్చుతప్పు కాదు. అంతర్గత తరంగాల్లో శిఖరాలు సాగే దిశకు శక్తి సాగే దిశ లంబంగా ఉంటుంది. శిఖరాలు కిందికి జారుతున్నట్టు కనిపిస్తే శక్తి పైకి పోతున్నట్టు. తీగకు వేర్వేరు లోతుల్లో వేలాడదీసిన ఉష్ణమాపకాలు చూసేవారికి ఇది రోజూ పనికొచ్చే గుర్తు. ముందు 1,000 మీటర్ల దగ్గర, గంట తరువాత 1,200 మీటర్ల దగ్గర అదే మలుపు కనిపిస్తే తరంగానికి మూలం అడుగున ఉందని అర్థం. మొదటిసారి చదివినప్పుడు తలకిందులుగా తోస్తుంది, సమీకరణం రాసి చూస్తే గాని నమ్మబుద్ధి కాదు.

భూభ్రమణంతో వీటికి పనేమిటి? ధ్రువాల దగ్గర ఇవి ఉండవంటారు, నిజమేనా?

భూమి తిరుగుతున్నందువల్ల కదిలే నీరు పక్కకు వంగుతుంది, ఆ వంపు ధ్రువాలవైపు పోయేకొద్దీ పెరుగుతుంది. తరంగపు ఊగు ఆ స్థానిక భ్రమణపు ఊగుకంటే వేగంగా ఉంటేనే అది స్వేచ్ఛగా బయటికి పోగలదు. ఎం2 తరంగానికి ఆ హద్దు సుమారు 74.5 డిగ్రీల అక్షాంశం. రోజుకు ఒక్కసారి వచ్చే ఆటుపోట్లకు 30 డిగ్రీల దగ్గరే. హద్దు దాటినచోట గట్టు మీద నీరు లేచి దిగడం మానదు, అయితే ఆ కదలిక గట్టును అంటిపెట్టుకునే ఉండి అక్కడే ఖర్చవుతుంది.

చివరికి అన్నీ తీరానికే చేరతాయా?

కొన్నే. ఖండపు వాలుకు తగిలి కొన్ని వెనక్కి మళ్ళుతాయి, కొన్ని విరుగుతాయి. మరికొన్ని దారిలో గుట్టల మీద చెదిరి పొట్టివవుతాయి, లేదా సముద్రపు పెద్ద సుడిగుండాల్లో క్రమం తప్పుతాయి. 29 డిగ్రీల అక్షాంశం దగ్గర ఎం2 తరంగం తన ఆవర్తనానికి రెట్టింపు కాలంతో ఊగే చిన్న తరంగాలకు శక్తిని ధారపోయగలదు. ఏ దారిలో ఎంత పోతుందన్నదే ఈ రంగంలో ఇంకా వాదన నడుస్తున్న విషయం.

## విరిగాక

ఈ తరంగాలు విరిగితే మాత్రం ఏమవుతుంది?

లోతు సముద్రంలో పై నీరూ కింది నీరూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. ధ్రువప్రాంతాల్లో చల్లబడి బరువెక్కిన నీరు నిరంతరం అడుగుకు దిగుతోంది. దాన్ని పైకి తెచ్చే ఏర్పాటు లేకపోతే కొన్ని వేల ఏళ్ళలో అడుగంతా కదలని చల్లటి నీటితో నిండి, వెచ్చదనం పై పలచని పొరకే పరిమితం కావాలి. అలా జరగడం లేదంటే పైనున్న వేడిని ఏదో కిందికి కలుపుతూ ఉండాలి. ఎంత కలపాలో సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ 1966లో లెక్కగట్టారు. కలయిక బలాన్ని కొలిచే ప్రమాణంలో అది సెకనుకు దాదాపు ఒక చదరపు సెంటీమీటరు. తరువాత నడి సముద్రంలో కొలిస్తే అందులో పదో వంతే దొరికింది. మిగతాది ఎక్కడ జరుగుతోందన్న వెతుకులాటే పరిశోధకులను గరుకు నేలవైపు నడిపించింది. ఇది ఉత్సుకత కోసం చదివే విషయం మాత్రమే కాదు. సముద్రం ఎంత వేడిని, ఎంత కార్బన్‌ను ఎంతకాలం లోపల దాచుకుంటుందన్నది ఈ కలయిక మీద కూడా ఆధారపడి ఉంది.

గరుకు నేల మీద కలయిక ఎక్కువని ఎలా తెలిసింది? ఎవరైనా చూశారా?

దక్షిణ అట్లాంటిక్‌లోని బ్రెజిల్ బేసిన్ అనే విశాలమైన సముద్రగర్భపు పల్లంలో 1996, 1997 సంవత్సరాల్లో కొలిచారు. తీగ లేకుండా స్వేచ్ఛగా అడుగుదాకా దిగుతూ, సెంటీమీటరు స్థాయి నీటి కుదుపులను కూడా నమోదు చేసే పరికరాలు వాడారు. బేసిన్ పడమర భాగంలో నేల చదును, అక్కడ కలయిక అతి స్వల్పం. తూర్పున నడి అట్లాంటిక్ పర్వతశ్రేణి వాలు మీద, గుట్టలకు పైన, అది పది రెట్లకు మించిపోయింది. నేలకు వందల మీటర్ల ఎత్తున కూడా ఆ జోరు తగ్గలేదు. రాపిడి ప్రభావం అంత పైకి రాదు, తరంగాలే రావాలి. దానితోపాటు సుమారు 4,000 మీటర్ల లోతున సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే గుర్తుపదార్థాన్ని వదిలి, అది ఎలా పరుచుకుంటోందో నెలల తరబడి వెంబడించారు. కలయిక బలం అమావాస్య, పౌర్ణమి పోటులతోపాటు పెరిగి తగ్గడం కూడా కనిపించింది. నన్ను అడిగితే ఈ మొత్తంలో తిరుగులేని సాక్ష్యం ఆ చివరిదే. గాలికి గాని, మామూలు సముద్ర ప్రవాహాలకు గాని పక్షం లెక్క తెలియదు.

మొత్తం ఎంత శక్తి ఇందులోకి పోతుంది?

భూమ్మీది ఆటుపోట్లన్నీ కలిపి సుమారు 3.5 టెరావాట్ల శక్తిని ఖర్చు చేస్తాయి. అందులో ఒక టెరావాట్ దరిదాపు లోతు సముద్రంలో, గరుకు నేల మీద తరంగాలుగా మారుతుంది. ఒక టెరావాట్ అంటే వెయ్యి మెగావాట్ల విద్యుత్ కేంద్రాలు వెయ్యి. టోపెక్స్ పొసైడాన్ ఉపగ్రహ కొలతల ఆధారంగా, ఆటుపోట్ల శక్తిలో 25 నుంచి 30 శాతం లోతు సముద్రంలోనే పోతోందని పరిశోధకులు గ్యారీ ఎగ్బర్ట్, రిచర్డ్ రే 2000లో చూపారు. తరంగాలు విరిగినప్పుడు ఆ శక్తిలో అయిదో వంతు దాకా బరువు నీటిని పైకెత్తడానికి పనికొస్తుంది, తక్కినది వేడిగా మారుతుంది. ఆ వేడి సముద్రాన్ని కాచేంతది కాదు.

ఆ శక్తి అసలు ఎక్కడినుంచి వస్తోంది?

భూభ్రమణం నుంచి. ఆటుపోట్లు ఖర్చు చేసిన మేరకు భూమి తిరగడం అతి మెల్లగా మందగిస్తుంది, చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతాడు. సముద్రగర్భపు గుట్టలకు అందులో తమ వాటా ఉంది.

ఒక లోయలో నీరు రోజుకు 100 మీటర్లు పైకెక్కిందట. అంత వేగమా?

ఐర్లాండ్‌కు పడమరనున్న రాకల్ ట్రఫ్ అంచులో ఒక సముద్రగర్భపు లోయ ఉంది. 2021లో అక్కడ అడుగుకు దగ్గరగా మెరిసే రంగునీటిని వదిలి, ఆటుపోట్ల మధ్య దాని కదలికను వెంబడించారు. వాలు వెంట అది రోజుకు 100 మీటర్లకు పైగా తేలిక నీటివైపు ఎక్కినట్టు 2024లో ప్రకటించారు. సముద్రం మొత్తానికి సగటు తీస్తే నీరు పైకి రావడం ఏడాదికి కొద్ది మీటర్లే. వేగమంతా అంచుల్లోని సన్నని పట్టీల్లో ఉండి, మధ్యలో నీరు నిజానికి మెల్లగా కిందికి దిగుతూ ఉండవచ్చన్న ఆలోచనకు ఈ ప్రయోగం బలమిచ్చింది.

## కొలతలు, నమూనాలు

పైకి కనిపించని తరంగాన్ని ఉపగ్రహం ఎలా చూస్తుంది?

కనిపించే ఆ రెండు మూడు సెంటీమీటర్లనే పట్టుకుంటుంది. 1992లో ఎగిరిన టోపెక్స్ పొసైడాన్ ఒకే చోటికి సుమారు పది రోజులకోసారి వచ్చేది. పన్నెండున్నర గంటల తరంగానికి అది చాలా అరుదైన చూపు. కానీ ఆటుపోటు గడియారం తప్పదు గనుక, ఏళ్ళ తరబడి కొలతలను ఆ గడియారం ప్రకారం పేరిస్తే గాలి, సుడిగుండాల అలజడి రద్దయి తరంగం మిగులుతుంది. ఇబ్బంది ఏమిటంటే, దారిలో క్రమం తప్పిన తరంగం కూడా ఆ పేర్పులో రద్దయిపోతుంది. 2022 డిసెంబరులో ఎగిరిన స్వాట్ ఉపగ్రహం ఒక గీత వెంట కాక వెడల్పాటి పట్టీగా కొలుస్తుంది గనుక తరంగపు ఆకారం నేరుగా దొరుకుతోంది.

నీళ్ళలో దించిన ఉష్ణమాపకం నుంచి తరంగం ఎత్తు ఎలా తెలుస్తుంది?

అడుగున లంగరు వేసి, తీగ పొడవునా ఉష్ణమాపకాలు కట్టి వదిలేస్తారు. 500 మీటర్ల దగ్గరిది 10.0 డిగ్రీలు చూపిందనుకోండి, ఆరు గంటల తరువాత 10.6. నీరు అక్కడ వేడెక్కలేదు, పైనున్న వెచ్చని నీరు కిందికి దిగింది. ఆ చోట వంద మీటర్లకు 2 డిగ్రీల చొప్పున మారుతుంటే, దిగినది 30 మీటర్లు. తీగ ప్రవాహానికి వంగితే పరికరం లోతే మారిపోతుంది కాబట్టి పీడనమాపకం పక్కనే ఉండాలి. లేకపోతే లేని తరంగం కనిపిస్తుంది.

వాతావరణ మార్పు నమూనాల్లో ఇవన్నీ ఉంటాయా?

నేరుగా ఉండవు. ఆ నమూనాల గడి పదుల కిలోమీటర్లు, గుట్ట వెడల్పు కొద్ది కిలోమీటర్లు. అందుకని నేల గరుకుదనం, ప్రవాహ వేగం, అడుగు పొరల గట్టిదనం తీసుకుని ఎంత తరంగశక్తి పుడుతుందో సూత్రంతో లెక్కగడతారు. అందులో మూడో వంతు అక్కడికక్కడే విరిగిపోతుందని అనుకోవడం 2000ల తొలినాళ్ళ నుంచి వాడుకలో ఉంది. ఆ మూడో వంతు లెక్కకు అనుకూలమే గాని, చిన్న గుట్టల మీదా భారీ గట్టు మీదా ఒకే అంకె సరిపోదు. ఇప్పటి పద్ధతులు తరంగాలు పోయే దారిని కూడా వెంబడించడానికి ప్రయత్నిస్తున్నాయి. వీటన్నిటికీ ముందున్న చిక్కు మరొకటి. సముద్రగర్భంలో దాదాపు నాలుగింట మూడు వంతులను సోనార్‌తో, అంటే శబ్దం పంపి లోతు కొలిచే పరికరంతో, వివరంగా కొలవనే లేదు. ఉపగ్రహ గురుత్వ కొలతల నుంచి తీసిన పటంలో పెద్ద పర్వతాలు తెలుస్తాయి, గుట్టలు సరిగా తెలియవు.

సముద్రం వేడెక్కుతుంటే ఈ తరంగాలు మారతాయా?

పై నీరు త్వరగా వేడెక్కడం వల్ల పొరల మధ్య తేడా పెరుగుతోంది. పొరలు గట్టిపడితే తరంగం కాస్త వేగంగా నడుస్తుంది, దూరపు చోటుకు కొద్దిగా ముందే చేరుతుంది. ఆ రాక సమయంలోని మార్పును బట్టి దారిపొడవునా సముద్రం ఎంత వేడెక్కిందో తెలుసుకోవచ్చన్న ఆలోచనతో ఉపగ్రహ కొలతలను పరిశీలిస్తున్నారు.

## సముద్రం మీద పనిచేసేవారు అడిగేవి

అండమాన్ సముద్రంలో నీటిపై పొడవాటి నురగ పట్టీలు వస్తుంటాయి. అవి ఇవేనా?

అవే. నికోబార్ దీవుల మధ్యనున్న లోతు తక్కువ గట్ల మీదుగా ఆటుపోటు జోరుగా పారి అంతర్గత తరంగాన్ని లేపుతుంది. అది తూర్పుకు సాగుతూ ముందుభాగం నిటారై, ఒకదాని వెనుక ఒకటిగా నడిచే ఒంటి తరంగాల వరుసగా విడిపోతుంది. ఒక్కో తరంగం దాటేటప్పుడు పై నీరు ఒకచోట దగ్గరికి నెట్టబడుతుంది, ఒకచోట విడిపోతుంది. దగ్గరికి నెట్టబడ్డచోట గాలి అలలు ఇరుకై నిటారుగా లేచి విరుగుతాయి. అదే దిగంతం నుంచి దిగంతం దాకా కనిపించే నురగ పట్టీ. విడిపోయినచోట నీరు నూనె పూసినట్టు నునుపుగా ఉంటుంది. ఈ పట్టీలను నావికులు 19వ శతాబ్దంలోనే రాసిపెట్టారు. 1965లో ప్రచురితమైన కొలతల్లో ఇక్కడి అంతర్గత తరంగం 80 మీటర్లుగా తేలింది. ఇంకాస్త వివరమైన అధ్యయనం 1980లో వచ్చింది, చమురు తవ్వకానికి ఆటంకమేమోనన్న ఆందోళనే దానికి మూలం.

చమురు తవ్వే ఓడలకు, జలాంతర్గాములకు ముప్పు ఉందా?

జాగ్రత్తపడాల్సిందే. ఒంటి తరంగం దాటేటప్పుడు పై పొర ఒకవైపు, కింది పొర ఎదురువైపు పారుతుంది. ఓడ నుంచి నేలదాకా దిగిన గొట్టం ఈ రెండింటి మధ్య వంగుతుంది. నిమిషాల్లో దిశ మారే ఇలాంటి ప్రవాహం గురించి ముందే తెలిస్తే పని ఆపుకోవచ్చు. జలాంతర్గామి చుట్టూ నీటి సాంద్రతకు సరిపడా బరువు సర్దుకుని తేలుతుంది. ఉన్నట్టుండి పొర మొత్తం కిందికి దిగితే దానితోపాటే అదీ దిగుతుంది. పైగా ఉష్ణోగ్రత పొరలు ఊగితే శబ్దం పోయే దారి మారిపోతుంది, సోనార్ చూపించే దూరాలు నమ్మదగ్గవి కావు.

ఈతగాళ్ళకు, చిన్న పడవలకు?

దాదాపు ఏమీ లేదు. లోతుకు దిగే డైవర్లు మాత్రం ఒక్కసారిగా చల్లటి నీరు కమ్ముకోవడం, కిందికి లేదా పక్కకు నెట్టడం గమనిస్తారు.

చేపలకు, పగడాలకు మేలా కీడా?

రెండూ. కింది నీటిలో పోషకాలు ఎక్కువ. తరంగం దాన్ని వెలుతురు అందే లోతుకు ఎత్తినప్పుడల్లా సూక్ష్మ మొక్కలకు ఎరువు అందుతుంది, వాటి వెంట చేపలు చేరతాయి. వేసవిలో పగడపు దిబ్బ మీదికి చల్లటి నీరు రోజుకు రెండుసార్లు వచ్చిపోతుంటే వేడికి తెల్లబడే ప్రమాదం కొంత తగ్గుతుంది. కానీ అదే నీటిలో ఆక్సిజన్ తక్కువ, ఆమ్లత్వం ఎక్కువ.

ఇంత శక్తి ఉందంటున్నారు, దీనితో విద్యుత్తు తీయలేమా?

ఒక టెరావాట్ పెద్ద అంకెలా వినిపిస్తుంది. సముద్రపు విస్తీర్ణంతో భాగిస్తే చదరపు మీటరుకు 3 మిల్లీవాట్లు కూడా రావు. అదీ కిలోమీటర్ల లోతున, సెకనుకు కొద్ది సెంటీమీటర్ల వేగంతో కదిలే నీటిలో. లుజాన్‌లాంటి కొద్ది చోట్ల తరంగాలు బలంగా ఉన్నా, అక్కడికి యంత్రాన్ని దించి, కాపాడి, తీగ లాగే ఖర్చుకు అది సరితూగదు.